గడప దగ్గరి అంకెలు

రోజు 1, శనివారం. గోడ మిగిలింది 40 అడుగులు.

గడప యంత్రం నన్ను అంకెలే అడుగుతుంది. ఎవరు, ఎన్నింటికి, బీపీ పై అంకె ఎంత, కింది అంకె ఎంత. అంతకు మించి ఒక్క మాట రాయబోతే ఎర్ర దీపం వెలిగించి కసురుతుంది. మాటలు మింగి కూర్చునే రకం కాదు నేను. అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను.

నా పేరు సుంకులమ్మ. గడప తాళం నా దగ్గర ఉంటుంది. కుజగ్రహం మీద మేముండే సొరంగానికీ, గాలి లేని బయటి సొరంగానికీ నడుమ ఉన్న ఇనప గదిని మా వాళ్ళు గడప అంటారు. రాయి కొట్టేవాళ్ళు పద్నాలుగు మంది రోజూ పొద్దున సూట్లు తొడుక్కుని అందులోంచే పనికి పోతారు. పోయే ముందు ఒక్కొక్కరి చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తాను. ఆ తర్వాత గ్లాసుడు కషాయం ఇస్తాను. 'గొంతు తడిపి గడప దాటు' అనేది ఇక్కడి కట్టు. మొదటి ఏడు ఒకాయనకు గొంతులో రాతి దుమ్ము గీరుకుని, సూటు లోపలే దగ్గి దగ్గి ప్రాణం పోయింది. అప్పటి నుంచీ ఎండు గొంతుతో ఎవరినీ బయటికి వదలలేదు. ఈ కట్టు సంగతి యంత్రానికి తెలియదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు కూడా.

ఇన్నాళ్ళూ శొంఠి, తులసి వేసి కాచేదాన్ని. ఘాటే తప్ప రుచి ఉండేది కాదు. పంచదార ఏడాదికోసారి ఓడలో వస్తుంది, పది రోజుల్లో అయిపోతుంది. ఈరోజు మాత్రం నా పంట చేతికొచ్చింది. మూడేళ్ళ కింద తోటలో ఒక మూల తొట్టిలో అతిమధురం నాటాను. మూడేళ్ళ దాకా వేరు ముట్టుకోకూడదన్నారు. నా ప్రాణం నాదగ్గర లేదు, వారానికోసారి వేలుతో మట్టి తీసి చూసేదాన్ని. ఈరోజు తవ్వితే వేలు లావున మూరెడేసి వేర్లు, విరిస్తే పసుప్పచ్చగా ఉన్నాయి. ముక్క నమిలాను. ఓయమ్మా, ఎంత తీపి! దంచి, శొంఠితో కలిపి పెద్ద గిన్నెడు కాచాను.

"వదినా, ఇది కషాయమా, పాయసమా? ఇంగో గ్లాసు పొయ్యి" అంది చౌడేశ్వరి.

చౌడేశ్వరి నా ఆడబిడ్డ, మా ఆయన చెల్లెలు. ముప్పై మూడేళ్ళు. మా ఆయనకు ఓడల రేవులో పని, ఏడాదిలో పది నెలలు అక్కడే ఉంటాడు. ఇంట్లో నేనూ, ఈ గయ్యాళీ. రాయి కొట్టే జట్టుకు ఇది 'చెయ్యి'. అంటే రాతి మీద అరచెయ్యి ఆనించి, ఒకడు సుత్తితో తడుతుంటే, వెనకాల ఏముందో, ఎక్కడ కొడితే ఎటు పగులుతుందో చెబుతుంది. ఆ విద్య వాళ్ళ నాయన దగ్గర నేర్చుకుంది. పన్నెండేళ్ళ కింద ఈ గోడ మీద మొదటి దెబ్బ కొట్టింది ఆయనే. గోడ అవతల మంచు ఉంది. మంచు దొరికితే మూడు రోజులకో స్నానం అనే ఈ దరిద్రం వదులుతుంది. ఆఖరి దెబ్బ తన చేత్తో కొట్టాలని చౌడికి పన్నెండేళ్ళుగా ఒకటే పట్టుదల.

దాని బీపీ 116/74. రాయిలాంటి మనిషి.

కషాయం వద్దన్నది ఒక్క మద్దిలేటి మామే. డెబ్బై ఒక్క ఏళ్ళు, ఉలులు సానబట్టే పని. "నా పుచ్చుపండ్లకు తీపి తగిల్తే నెత్తి జివ్వుమంటాది. నాకు ఉడుకునీళ్ళియ్యి సాలు" అన్నాడు. ఆయన అంకె 148. ఎప్పుడూ అంతే.

రోజు 8, శనివారం. గోడ 33.

పనికి ఆలస్యంగా వచ్చే సోమరులు కూడా పావుగంట ముందే గడప దగ్గర వరసకడుతున్నారు. నా కషాయం మహిమ. అందరికీ పోసేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది, నాకు ఒక్క చుక్క మిగలదు. వడ్డించేవాళ్ళ బతుకింతే. వేరు మాత్రం బోలెడు ఉంది, ఏడాదికి సరిపోతుంది.

అంకెలు కొద్దిగా పైకి జరిగాయి. చౌడి 126. గోడ దగ్గరపడుతోంది కదా, ఆత్రం అనుకున్నాను.

రోజు 15, శనివారం. గోడ 26.

ఇది ఆత్రం కాదు. పద్నాలుగు మందిలో పదముగ్గురికి పెరిగింది. నలుగురు 140 దాటారు. చౌడి 148! డెబ్బై ఒక్క ఏళ్ళ మద్దిలేటి మామా, ఇదీ ఒకే అంకె మీద నిలబడ్డారు. ముందు పట్టీ పాడైందనుకున్నాను. పాత పట్టీ తీసి చూశాను, అదీ అంతే చెప్పింది. నా చేతికి కట్టుకుంటే 118. పట్టీలు బాగానే ఉన్నాయి.

నాకు తెలియనిది ఒకటి కళ్ళ ముందు ఆడుతుంటే అన్నం సహించదు. రేవులో ఉండే డాక్టరమ్మ రహమత్ బీకి అంకెలన్నీ పంపాను.

"నాకేం నొప్పి లేదు, తలతిరుగుడు లేదు. నువ్వు ఊరికే గాబర పడతాండావు" అని చౌడి నన్ను దబాయించింది.

"కుజదోషమేమో సుంకులూ" అన్నాడు మద్దిలేటి మామ.

"కుజుడి మీదే కాపురం పెట్టినాం. ఇంగ దోషమేంది మామా, ఆయనే మనింటి యజమాని" అన్నాను. వరసలో అందరూ నవ్వారు. నవ్వినా అంకెలు తగ్గలేదు, చూశాను.

రోజు 17. గోడ 24.

డాక్టరమ్మ జవాబు వచ్చింది. ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాసుకుంటున్నాను.

"సుంకులమ్మా, నొప్పి లేదని మురిసిపోవద్దు. బీపీ చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టం. నొప్పి తెలిసేసరికి గుండెనో మెదడునో పట్టుకుని ఉంటుంది. ఒక్కొక్కటీ విచారించు. ఇంట్లో పెద్దలకు ఎవరికైనా ఉందా? ఉప్పు ఎంత తింటున్నారు? పొగాకు, సారా? ఒళ్ళు పెరిగారా? నిద్ర చాలుతోందా? మనసులో దిగులేమైనా ఉందా? షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళెవరు? మందులు, పసర్లు, వేర్లు ఏమైనా వాడుతున్నారా?"

ఎంత మంచి ప్రశ్నలు! పొలంలో ఎలకను పట్టినట్టు ఒక్కొక్క బొరియా మూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. వెంటనే తెలిసినవి రాసి పంపాను. ఒళ్ళు ఎవరికీ పెరగలేదు. షుగరు ఇద్దరికి, వాళ్ళకు మందు రేవు నుంచి వస్తుంది. సారా కాచే తొట్టిని నేనే నిరుడు పగలగొట్టాను. ఆఖరి ప్రశ్నకు "ఇంకే మందులూ లేవు" అని రాశాను. ఉప్పు, నిద్ర, దిగులు, పొగాకు విచారిస్తానన్నాను.

రోజు 20. గోడ 20.

ఉప్పు దొంగల్ని పట్టుకున్నాను. పడకల కింద చూస్తే తొమ్మిది ఊరగాయ జాడీలు! చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో కూడా చెయ్యి జారినట్టు ఉప్పు. జాడీలన్నీ మోసుకొచ్చి నా గదిలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులుగా వంటశాలలో ఉప్పు సగం చేయించాను. నిన్న ఒకడు సంగటి ముద్ద చేత్తో పట్టుకుని, "సుంకులక్కా, దీనికన్నా బయట రాయి నాకితే రుచి" అన్నాడు.

నాకు కోపం రాలేదు. అంకె దిగితే చాలు, ఎన్ని మాటలైనా పడతాను. రెండు మూడు దిగాయి, మళ్ళీ ఎక్కాయి. ఉప్పు తగ్గించడం ఎలాగూ మంచిదే కానీ, అసలు దొంగ అది కాదు. ఊరగాయ ఏళ్ళ తరబడి తింటున్నారు. పెరిగింది ఈ మూడు వారాల్లోనే.

నిద్ర కూడా విచారించాను. మంచాల కింద నిద్ర గంటలు లెక్కపెట్టే యంత్రాల ప్రకారం అందరూ గొర్రెల్లా పడుకుంటున్నారు.

రోజు 22, శనివారం. గోడ 18.

చౌడి 164/98.

ఇక్కడ ఒక రూలు రాసి తీరాలి. మూడు శనివారాలు వరసగా పై అంకె 160 దాటితే ఆ మనిషి సూటుకు తాళం పడుతుంది. ఒకసారి పడితే జన్మలో తీయరు. ఆ రూలు పుట్టిందే చౌడి వాళ్ళ నాయన వల్ల. ఆయన తొమ్మిదేళ్ళ కింద ఆ గోడ దగ్గరే, సూటులో ఉండగానే పక్షవాతం వచ్చి పడిపోయాడు. లోపలికి ఈడ్చుకొచ్చి సూటు విప్పేసరికి పోయాడు. అప్పట్లో గడప దగ్గర పట్టీలు లేవు, చూసేవాళ్ళూ లేరు.

అంటే చౌడికి ఇంకా రెండు శనివారాలున్నాయి. దాన్ని కూర్చోబెట్టి, అరగంట ఊపిరి నిదానంగా పీల్చమని, ఇంకో గ్లాసు కషాయం పోశాను. తర్వాత చూస్తే 162.

"రెండు తగ్గింది" అన్నాను.

"ఇంగో గ్లాసు పోస్తే ఇంగో రెండు తగ్గుతాదేమో" అంది. పోశాను.

రోజు 26. గోడ 14.

150 దాటినవాళ్ళందరినీ పొద్దునా, సందెవేళా పిలిచి చూస్తున్నాను. వచ్చినవాళ్ళను ఉత్త నోటితో పంపుతామా? చౌడి మూడు పూటలా వస్తోంది. దానికి పిక్కలు పట్టేస్తున్నాయి. బూట్లు బిగుతయ్యాయంటోంది, పాదాలు నొక్కితే వేలిగుంట పడుతోంది. బూట్లు మార్పించాను.

"మా నాయనది వచ్చిందేమో వదినా" అంది, బూటు లాగుతూ. నా మొహం చూడకుండా అంది.

"మీ నాయనకు యాభై ఎనిమిది. నీకు ముప్పై మూడు."

"రక్తానికి వయసు తెలుస్తాదా?"

ఇంట్లో పెద్దలకుంటే పిల్లలకు వచ్చే వీలు ఎక్కువన్న మాట నిజమే. కానీ మిగతా పన్నెండు మందికీ ఆయన నాయన కాదు కదా. ఒక్కొక్కరి ఇంటి సంగతీ ఒక్కొక్కటి. పదముగ్గురికీ ఒకేసారి ఎక్కించేది ఏదో ఒకటే ఉండాలి. గాలా, నీళ్ళా? అదే గాలి నేనూ పీలుస్తున్నాను. అవే నీళ్ళు తాగుతున్నాను.

రోజు 29, శనివారం. గోడ 11.

168/102.

పట్టీ విప్పబోతుంటే చౌడి నా చెయ్యి పట్టుకుంది. గడపలో మేమిద్దరమే ఉన్నాం.

"వదినా, చెయ్యి గుండె కన్నా పైకెత్తి పట్టుకుంటే అంకె తగ్గుతాదంట. నాకు తెలుసు. ఇంగోసారి సూడు."

అది నిజమే. పది, పదిహేను తగ్గి కనిపిస్తుంది. నాకూ తెలుసు.

"పట్టీని ఏమార్చొచ్చు చౌడీ, నీ గుండెను ఏమార్చలేం."

"పదకొండు అడుగులు వదినా! పన్నెండేండ్లు కొట్టి, పదకొండు అడుగుల కాడ నన్ను తోటలో వంకాయలు కొయ్యమంటావా?"

"మీ నాయన్ను ఈడ్చుకొచ్చినోళ్ళలో నేనొకదాన్ని. నిన్ను ఈడ్చుకురాలేను."

అది లేచింది. పట్టీ తనే ఊడబెరుక్కుని నేల మీద కొట్టింది. "నువ్వు మాయన్న పెండ్లాంవి గానీ నాకు ఏమీ గావు" అని బయటికి పోయింది. డాక్టరమ్మ పంపిన బీపీ మాత్రలు వేసుకునే పోయింది, అదొక్కటే నయం. నేను 168 అని యంత్రంలో కొట్టాను. ఏడ్చాను కూడా. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

రోజు 31. గోడ 9.

దొంగ దొరికాడు.

పొద్దున వరసలో మద్దిలేటి మామకు పట్టీ కట్టాను. 148. నాకు చిరాకు ముంచుకొచ్చింది. ఈయనకు డెబ్బై ఒక్క ఏళ్ళు. బుగ్గన ఎప్పుడూ పొగాకు ఉండ. నేను పట్టుకున్న తొమ్మిది జాడీల్లో మూడు ఈయనవే. ప్రపంచంలో ఎవడు కనపడినా తిట్టందే ఊరుకోడు. డాక్టరమ్మ అడిగినవాటిలో సగం ఈయన ఒంట్లోనే ఉన్నాయి. ఎక్కితే ముందు ఈయనకే ఎక్కాలి. నెల రోజులుగా ఒక్క అంకె కదల్లేదు!

ఇంతకాలం నేను తప్పు ప్రశ్న వేసుకుంటున్నానని అప్పుడు తెలిసింది. పదముగ్గురికి ఎందుకు ఎక్కింది అని కాదు, ఈయనకు ఎందుకు ఎక్కలేదు అని అడగాలి.

"మామా, నువ్వు ఏం తింటాండావు? అందరూ తినంది ఏమన్నా తింటాండావా?"

"నీ తాళంలో పెట్టినావు కదమ్మా నేను తినేదంతా."

"అందరూ తినేదాంట్లో నువ్వు తిననిది?"

మామ ఉడుకునీళ్ళ గ్లాసు ఊదుకుంటూ గిన్నె వైపు చూపుడు వేలు పెట్టాడు. "అదే. నీ పాయసం."

గరిటె నా చేతిలోనే ఉంది. వెనక ఆరుగురు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. కషాయం తాగనివాళ్ళు ఈ గడప దగ్గర ఇద్దరే ఇద్దరు. పళ్ళ బాధతో మద్దిలేటి మామ, గిన్నె ఖాళీ అయ్యాక మిగిలే నేను. అంకె పెరగనివాళ్ళమూ మేమిద్దరమే. వేరు తవ్వింది మొదటి రోజు. అంకెలు ఎక్కడం మొదలైంది ఆ వారమే. ఎవరి గురించి ఎక్కువ భయపడ్డానో వాళ్ళను ఎక్కువసార్లు పిలిచాను, ఎక్కువ గ్లాసులు పోశాను. చౌడికి మూడు పూటలా పోశాను.

మందులు, పసర్లు, వేర్లు ఏమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగిందా లేదా? అడిగింది. ఇంకే మందులూ లేవని నేనే రాశాను. కషాయం నా లెక్కలో మందు కాదు, గడప మర్యాద. ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, ఆ సంగతి డాక్టరుకు చెబుతామా?

గిన్నె ఎత్తి మొత్తం మొక్కల తొట్టిలో కుమ్మరించాను.

"అయ్యో అక్కా!" అని వరస వరసంతా అరిచింది.

రోజు 32. గోడ 8.

డాక్టరమ్మ జవాబు: "అతిమధురమా! అమ్మా సుంకులమ్మా, ముందే చెప్పి ఉంటే! ఎప్పుడో గొంతు గరగరకు చిన్న ముక్క నమిలితే సరే. రోజూ గ్లాసులకు గ్లాసులు తాగితే అది ఒంట్లో ఉప్పునీ నీళ్ళనీ బయటికి పోనివ్వదు. పొటాషియం పోతుంది. అందుకే పాదాల వాపు, పిక్కలు పట్టడం, అందుకే ఈ బీపీ. నువ్వు ఉప్పు తగ్గించినా అది ఉన్న ఉప్పును పట్టి కూర్చుంది. ఇక చుక్క ముట్టొద్దు. తగ్గుతుంది, కానీ వెంటనే కాదు, రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందరి రక్తం నమూనాలు పంపు. చౌడేశ్వరి మాత్రలు ఆపొద్దు."

రెండు మూడు వారాలు. మూడో శనివారం నాలుగు రోజుల్లో ఉంది.

సాయంత్రం చౌడికి చెప్పాను. మూడు రోజులుగా మాటల్లేవు మా మధ్య. గోడకు తిరిగి పడుకున్నదాని వీపుకు చెప్పాను, మొదటి నుంచీ, ఒక్క ముక్క దాచకుండా.

"మా నాయన రక్తం కాదా?" అంది చివరికి.

"కాదు. నా కషాయం."

లేచి కూర్చుంది. ఏదైనా విసురుతుందేమో అనుకున్నాను. "నెల దినాలు నేను సచ్చిపోతానని అనుకుంటాన్నా వదినా. మా నాయన మాదిరే, ఆడే, ఆ గోడ కాడే అని. నీకు సెప్పలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వేమో దానికి మందని ఇంగో గ్లాసు పోస్తివి."

"కొట్టు నన్ను."

"నాకు పిక్కలు పట్టినాయి, లేకుంటే కొట్టేదాన్నే" అని మళ్ళీ గోడకు తిరిగి పడుకుంది. ఆ మాటలో కోపం పోలేదు. పోవాలని నేనూ అడగలేదు.

రోజు 36, శనివారం. గోడ 4.

అందరికీ తగ్గడం మొదలైంది. నాలుగు, ఆరు, పది అంకెలు. చౌడికి 164/96. తగ్గింది, కానీ 160 దాటే ఉంది. మూడో శనివారం.

చౌడి చెయ్యి గుండెకు సరిగ్గా ఎదురుగా బల్ల మీద పెట్టింది. ఎత్తమని అడగలేదు.

అంకె కొట్టగానే యంత్రం ఎర్రబడి, సూటుకు శాశ్వత తాళం వేయనా అని అడిగింది. రూలు పుస్తకం రాత్రంతా తిరగేశాను నేను. చిట్టచివర ఒక గడి ఉంది, ఇన్నేళ్ళలో ఎవరూ నింపింది లేదు. 'బయటి కారణం, తెలిసినది, తొలగించినది.' డాక్టరు సాక్ష్యంతో అది నింపితే తాళం నలభై రోజులకే. దాని కిందే ఇంకో గడి ఉంది: 'బాధ్యులు.' అందులో గడప మనిషి పేరు పడితే గడప తాళం ఆ మనిషి చేతిలోంచి పోతుంది.

ఏడేళ్ళు నా నడుముకు వేలాడిన తాళం అది. రాత్రి కొంచెంసేపు ఆలోచించిన మాట నిజం. తొట్టి పేరు రాయొచ్చు, వేరు పేరు రాయొచ్చు. కానీ తొట్టి తనంతట తాను గ్లాసులో పోసుకోదు.

మొదటి గడిలో 'అతిమధురం కషాయం' అని కొట్టాను. రెండో గడిలో 'సుంకులమ్మ'. మొదటిసారి ఈ యంత్రం నన్ను మాటలు అడిగింది. దీపం పచ్చబడింది. నడుముకున్న తాళం మీది దీపం టక్కుమని ఆరిపోయింది.

"ఏం రాసినావు వదినా?" అంది చౌడి.

చెప్పాను. "పిచ్చిదానా" అంది.

రోజు 50. గోడ 4.

నాలుగు అడుగుల దగ్గర జట్టు పని ఆపేసింది. అవతలి మంచు ఎటు ఒరిగి ఉందో 'చెయ్యి' చెప్పకుండా కొడితే మనుషుల మీద కూలుతుంది. సరైన చోట కొడితే ఆ నాలుగు అడుగులూ ఒక్క పూటలో పగులుతాయట. చౌడి వచ్చేంతవరకూ పక్క గదుల రాళ్ళు కోస్తున్నారు. అంటే నా తీపి వల్ల ఊరందరికీ ఇంకో నెల రోజులు మూడు రోజులకో స్నానమే. నేను నడుస్తుంటే ముక్కులు మూసుకుని, "తీపి సుంకులక్క పుణ్యం" అని వెక్కిరిస్తున్నారు. పడాలి, తప్పదు. ఊరగాయ జాడీలు ఎవరివి వాళ్ళకిచ్చేశాను, నెలకు ఒక్కటే తీయాలని మాట తీసుకుని.

గడప తాళం మద్దిలేటి మామకు ఇచ్చారు. నేను తోటలో వంకాయలు కోస్తున్నాను. అతిమధురం తొట్టి పీకేయలేదు. మిగిలిన వేరును డాక్టరమ్మ అడిగింది, ఎంత తాగితే ఎంత ఎక్కుతుందో చూస్తుందట. ఆమెదీ నా జబ్బే.

చౌడి 134.

రోజు 76. గోడ 4.

చౌడి సూటు తెరుచుకునే రోజు. ఊరంతా గడప ముందు చేరింది. నేను వెనక నిలబడ్డాను, వంకాయల బుట్టతో.

మద్దిలేటి మామ పట్టీ కట్టాడు. "నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మామ దానికి గ్లాసుడు ఉడుకునీళ్ళు ఇచ్చాడు. ఇప్పుడు గడప దగ్గర ఇచ్చేది అదే.

చౌడి తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడింది. "మామా, ఆ మూలనున్నామెకు ఎప్పుడన్నా పట్టీ కట్టినావా?"

"ఎవురికి, సుంకులుకా? ఆయమ్మ గడప దాటదు కదా."

"నాకెందుకు" అంటూనే ఉన్నాను, ముందుకు తోసేశారు. మామ నా చెయ్యి బల్ల మీద పెట్టించాడు. ఇన్నేళ్ళలో ఆ బల్లకు అటువైపు కూర్చోవడం నాకు ఇదే మొదలు.

"నూట యాభై రెండు!" మామ కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. "ఏమ్మా, దొంగగా తాగుతాండావా ఆ పాయసం?"

"చుక్క ముట్టలేదు. ఒట్టు."

"మరి ఉప్పా? నిద్రా?" యంత్రం ముందు వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఈమధ్య ఆ కారణం గడి రోజూ తెరిచే ఉంచుతున్నారు, నేను నింపిన పుణ్యాన. "కారణం ఏమని రాయల్ల?"

నాకు తెలుసు. ఆ నాలుగు అడుగుల వెనక మంచు ఎంత బరువుందో, దాని ముందు ఎవరు అరచెయ్యి పెట్టబోతున్నారో నాకు తెలుసు. నలభై రోజులుగా అదే ఆలోచన.

చౌడి ఉడుకునీళ్ళు గటగటా తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆడబిడ్డ అని రాయి మామా" అంది. హెల్మెట్ తగిలించుకుని గడప దాటింది.

మామ నిజంగానే రాశాడు. ముసలాడికి హాస్యం తెలియదు.

నేను తోటకు పోలేదు. బుట్ట కింద పెట్టి గడప పక్కనే కూర్చున్నాను. గడప ఇనపగోడకు చెవి ఆనిస్తే సుత్తి చప్పుడు వినిపించేది. ఒకటి, ఆపడం. ఒకటి, ఆపడం. ఆపినప్పుడల్లా అది చెయ్యి పెట్టి వింటోందని తెలుసు. మధ్యాహ్నం దాటాక చప్పుడు ఆగిపోయింది, మళ్ళీ మొదలు కాలేదు. నేను లేచి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో యంత్రానికి తెలుసేమో గానీ నాకు తెలియదు.

గడప తెరుచుకుంది. పదముగ్గురిని లెక్కపెట్టాను. ఆఖరున చౌడి, రెండు చేతుల్లోనూ గుమ్మడికాయంత మంచు గడ్డ. మురికిగా, నల్లగా, అంచుల దగ్గర కరుగుతూ. గడ్డను నేరుగా నా చేతుల్లో పడేసి హెల్మెట్ తీసింది.

"పో, తలకు పోసుకో. కంపు కొడతాండావు" అంది.

గడ్డ కింద పెట్టి, చౌడిని కావలించుకుని బావురుమన్నాను. జనం ఏమనుకుంటే నాకేం? దాని చెంప చల్లగా ఉంది, నవ్వుతోంది. నా భుజం మీదుగా మామను పిలిచింది.

"మామా, మా వదినెకు మళ్ళీ పట్టీ కట్టు."

"పరిగెత్తినాక, ఏడ్సినాక సూడగూడదు. అరగంట కూసోనీ" అన్నాడు మామ. నా పని నాకన్నా బాగా నేర్చుకున్నాడు.

అరగంట కూర్చున్నాను, మంచు గడ్డ ఒళ్ళో పెట్టుకుని, చీరంతా తడుస్తుంటే. ఆయన పట్టీ కట్టాడు. నూట ఇరవై నాలుగు.

మామ కళ్ళద్దాలు సర్దుకుని, కారణం గడిలో పొద్దున రాసింది కొట్టేశాడు.